సాలు పోలె

తెల్లవారేసరికి ఆకాశం మూసుకుని ఉంది. వాన మబ్బు కాదు. ఎండాకాలం ముంగిట్లో ఊరికే వచ్చి ఊరికే పోయే మబ్బు. దులపని గొంగడిలా బూడిద రంగులో వంగి, పొద్దును లోపలే పెట్టుకుంది. గాలి ఆడటం లేదు. రోజూ వార్ధా నది అవతల సన్నగా కనబడే కరెంటు కంపెనీ పొగగొట్టాలు ఆ పొద్దు లేనే లేవు. కొత్త అమాస అది. తెల్లారితే ఉగాది.

లస్మయ్య అనంతరావు పటేలు కొట్టంలో గడప మీద కూచుని జనుము పేనుతున్నాడు. కుడికాలి బొటనవేలికి కొస చుట్టి, అరచేతుల మధ్య పోగులు దొర్లించి, జానెడు జానెడుకు ఉమ్మి తడి చేసి బిగిస్తున్నాడు. ఉగాదికి ఎడ్లకు కొత్త ముకుతాళ్లు ఎక్కాలి. పాతవి చెమటకు నల్లబడి ముక్కు దగ్గర ఒరుసుకుపోయాయి. మైలెద్దు నెమరు ఆపి అతని చేతులనే చూస్తోంది. ముకుతాడు మార్చడమంటే దానికి పడదు.

"గట్ల చూడకు. నొవ్వకుంట ఎక్కిస్త," అన్నాడు దానితో.

బయట జీపు ఆగింది. పటేలు కొడుకు దుర్గేష్ దిగాడు. చంద్రాపూర్‌లో కాంట్రాక్టులు చేస్తాడు. పండుగకూ పంటకూ తప్ప ఊరికి రాడు.

"ఏం జేస్తున్నవ్ కాకా?"

"ముకుతాళ్లు, చిన్న పటేలా. రేపటికి."

దుర్గేష్ తాడు వైపు చూశాడు. ఏదో అనబోయి, జేబులోంచి జీపు తాళంచెవి తీసి వేలికి తిప్పుకున్నాడు.

"ఇగో, రేపు ఇంట్ల పోలెలు గీలెలు లేవు. మా ఇంటామె పిల్లలను పట్టుకొని దుర్గాపూర్ల తల్లిగారింటికి పోయింది. మనం చంద్రాపూర్ పోదాం. నువ్వు, బాపు, నేను. ఏసీ హోటల్ తెరిసిండ్రు కొత్తగ. లోపల కూసుంటె మాఘమాసం లెక్క ఉంటది."

లస్మయ్య చేతులాగాయి. "హోటల్లనా? పండుగ పూట?"

"పండుగ పూటనే. గసొంటి తాన ఎన్నడన్న తిన్నవా?"

"రాజురా సంతకు పోతె భజియా తింట."

దుర్గేష్ నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు. "భజియాలు కాదు కాకా. కుర్చీల కూసుంటె వాళ్లే తెచ్చి పెడ్తరు. మంచి అంగి తొడుక్కొని రా."

జీపు పోయింది. లస్మయ్య మళ్లీ పోగు అందుకున్నాడు గానీ పురి సరిగా పడలేదు.

ఆ దేశంలో జీతగాడి ఏడు ఉగాదితో మొదలై ఉగాదితో తీరుతుంది. ఏడంతా కొట్టం గడప దగ్గర తినే మనిషిని ఆ ఒక్క పూట పటేలు తన పక్కన పీట వేసి కూచోబెడతాడు. తన చేత్తో మొదటి పోలె, అంటే బొబ్బట్టు, తీసి అతని విస్తట్లో వేస్తాడు. దాన్ని సాలు పోలె అంటారు. అది పడిందంటే ఇంకో సాలు, అంటే ఇంకో ఏడు, మనిషి ఆ ఇంట్లో ఉన్నట్టే. వేరే మాట అక్కర్లేదు. తిండి జొన్నలు, గొంగడి, జత చెప్పులు అన్నీ ఆ పోలె వెనకే వస్తాయి. మనిషి వద్దనుకున్న పటేలు హోలీ నాటికే పిలిచి చెప్పేయాలి, వేరే గడప చూసుకోవాలి గదా. ఉగాది దాటితే ఏ ఇంట్లోనూ చోటుండదు. అందరి విస్తళ్లలోనూ పోలెలు పడిపోయి ఉంటాయి.

హోలీ ఎప్పుడో పోయింది. పటేలు ఏమీ అనలేదు. అనలేదంటే ఉన్నట్టే.

పేనిన తాళ్లు కొట్టం కొయ్యకు తగిలించి, లస్మయ్య పెద్దింటి అరుగు ముందు నుంచి పోతూ ఆగాడు. పటేలు మంచంలో గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్రపోవడం లేదు. చేతికర్రతో గోడ సున్నం మెల్లగా గీకుతున్నాడు.

"పటేలా, రేపు హోటలుకట గద."

"ఊఁ."

"మీకు నోట్ల పండ్లు లేకపాయె. ఆడ ఏం తింటరు?"

"వాడు తీస్కపోతనన్నడు." కర్ర ఆగింది. "ఎడ్లకు నీళ్లు పెట్టినవా?"

"పెట్టిన."

"మళ్ల పెట్టు."

తాగిన ఎడ్లకు మళ్లీ నీళ్లేమిటని లస్మయ్య అనుకున్నాడు. అయినా వెనక్కి పోయి తొట్టి నింపాడు. ఎడ్లు మూతి పెట్టి తీసేశాయి.

ఇంటికి వచ్చి చెప్తే బాలమ్మ చేటలో శనగపప్పు ఏరుతూ తలెత్తింది.

"హోటల్ల పోలె ఎవరేస్తరు?"

"పటేలే ఏస్తడు. ఆయిన చెయ్యి ఆయిన ఎంబడి రాదా?"

"అసలు పోలె ఉంటదా ఆడ?"

"లేకపోతె రొట్టె ఏస్తడు, బువ్వ పెడ్తడు. ఆయిన చేత పడుడు ముఖ్యం గని ఏం పడితేంది."

బాలమ్మ ఒక రాయి తీసి వాకిట్లోకి విసిరింది. "కుర్చీల కూసొని తిన వస్తదా నీకు? కాళ్లెక్కడ పెడ్తవు?"

"ఏడనో పెడ్త."

"మీదికి మాత్రం పెట్టకు. కోతి అనుకుంటరు."

ఆమె నవ్వింది. అతనూ నవ్వాడు. ఏసీ హోటలుకు జీతగాడిని తీసుకుపోయిన పటేలు ఆ చుట్టుపట్ల ఏ ఊళ్లోనూ లేడు. పొద్దు తిరిగేసరికి ఆ మాట వాడంతా తెలిసింది.

అప్పుడే కోర్పనా వైపు నుంచి భీమన్న సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. బోరు నీళ్ల సేద్యం ఉన్న రైతు. బాలమ్మకు దూరపు వరసలో మామ. సైకిలు వేపచెట్టుకు ఆనించి, తువ్వాలతో మెడ తుడుచుకుంటూ మంచం అంచున కూచున్నాడు.

"ఖాళైతివా లస్మయ్యా? మా జీతగాడు సిమెంటు కంపెనీ గేటు కాడికి పోయిండు. గదే మంచిగున్నదట. నాకు ఎద్దును కొట్టకుంట దున్నేటోడు గావాలె. నువ్వే యాదికొచ్చినవ్."

"లేదు మామా. పటేలింట్లనే."

"పటేలు చెప్పిండా?"

"చెప్పేదేమున్నది. రేపు నన్ను ఏసీ హోటలుకు తీస్కపోతుండ్రు."

భీమన్న కనుబొమలెత్తాడు. "అబ్బో. గట్లయితె నీ సాలు పోలె మీద ఐసుక్రీము కూడ పడ్తది. మంచిది తియ్యి. నేను ఇంకోన్ని చూస్కుంట."

గడపలో నిలబడ్డ బాలమ్మ కొంగు సర్దుకుంది. "ఒక్క దినం ఆగరాదు మామా?"

"నేను ఆగుత కోడలా, పండుగ ఆగుతదా? పొద్దుగాలనే ఎవలికో ఒకలికి పెట్టాలె."

నీళ్లు తాగి, చెంబు బోర్లించి వెళ్లిపోయాడు. సైకిలు వాగు దిగేదాకా బాలమ్మ చూసింది.

"ఒక్కపారి పోయి పటేలును అడుగరాదు? అడిగితె ఏం పోయె?"

"ఏమని అడుగాలె? నన్ను ఉంచుకుంటవా అనా? అడిగినమంటె అనుమానపడ్డట్టు. గది మంచిగుండదు."

బాలమ్మ లేచింది. చేట తీసి లోపల పెట్టింది.

ఉగాది నాడు లస్మయ్య తెల్లంగి తొడుక్కున్నాడు. దోవతి కుచ్చెళ్లు బాలమ్మే సర్దింది. జీపులో ముందు పటేలు, వెనక టార్పాలిను మడత మీద అతను. బొగ్గు లారీల వెనక మెల్లగా పోతుంటే దుమ్ము అంగి మీద పడకుండా తువ్వాల కప్పుకున్నాడు. వంతెన దాటారు, కాగితం మిల్లు వాసన దాటారు. దారి పొడుగునా మరాఠీ ఇళ్ల మీద వాళ్ల ఉగాదికి ఎత్తే గుడి కర్రలు లేచి, పట్టుగుడ్డలూ వేపమండలూ వేళ్లాడుతున్నాయి. పటేలు తల తిప్పలేదు. దుర్గేష్ ఒక్కడే మాట్లాడాడు, అదీ రోడ్డు గురించే.

హోటలు నాగ్‌పూర్ రోడ్డు మీద ఉంది. ముందంతా నల్లటి అద్దం. ఆ అద్దంలో జీపు, జీపులోంచి దిగుతున్న తామే కనబడ్డారు. తురాయి పాగా పెట్టుకున్న కాపలావాడు దుర్గేష్‌కు సలాము కొట్టి తలుపు తీశాడు. వెనక వస్తున్న పటేలు దోవతి చూసి అదే తలుపు సగం మూశాడు. దుర్గేష్ వెనక్కి తిరిగి ఏదో అన్నాక మళ్లీ తెరిచాడు. లస్మయ్య చెప్పులు బయట విడవబోతే వేసుకోమంటూ "పెహన్ లో, పెహన్ లో" అని కాపలావాడు విసుక్కున్నాడు.

లోపల పట్టపగలే చీకటి. చలి. గోడకు అద్దాల తొట్టి, అందులో ఎర్ర చేపలు. బల్లల మీద తెల్లగుడ్డలు, గ్లాసుల్లో మడిచి నిలబెట్టిన గుడ్డలు. ఒక బల్ల దగ్గర తెల్లబూట్ల మనిషీ, మెడలో గొలుసున్న మనిషీ దుర్గేష్‌ను చూసి లేచారు. చేతులు కలిపారు. మిగిలిన బల్లలన్నీ ఉత్తవే. లస్మయ్య చూపు ఆ ఉత్త కుర్చీల మీదే ఉంది, వాటిలో తనది ఏదా అని.

గల్లా దగ్గరి మనిషి పటేలును కింది నుంచి పైకి చూశాడు. తర్వాత లస్మయ్య మడమల పగుళ్లు చూశాడు. దుర్గేష్ చెవిలో ఏదో చెప్పాడు. దుర్గేష్ తల ఊపి తండ్రి దగ్గరికి వచ్చాడు.

"బాపు, ఈడ మేం మందు తాగుతం. మీకు మంచిగనిపియ్యది. ఎనుక గార్డెన్ ఉన్నదట, గాలిగ ఉంటది. ఆడ కూసోండి."

గార్డెన్ అంటే వంటగది వెనక రేకుల పందిరి. రెండు కుండీలు, మూడు బల్లలు. వంటగది పంకా గోడ కన్నంలోంచి నూనె కమురు వేడిగాలి నేరుగా వాళ్ల బల్ల మీదికే ఊదుతోంది. పటేలు కుర్చీలో కూచున్నాడు. లస్మయ్య నిలబడ్డాడు.

"కూసో."

"నేను కింద..."

"కింద జాగేడున్నది? కూసో."

లస్మయ్య అంచున కూచున్నాడు. కుర్చీ జారుడుగా ఉంది. కాళ్లు వెనక్కి మడిచి పెట్టుకున్నాడు.

మెడకు ఎర్ర బో కట్టుకున్న వెయిటర్ వచ్చి పెద్ద అట్ట ఇచ్చాడు. పటేలు ఉర్దూ చదువుతాడు, మరాఠీ చదువుతాడు. అట్టంతా ఇంగ్లీషులో ఉంది. అటూ ఇటూ తిప్పి బల్ల మీద పెట్టాడు.

"పురణ్‌పోళీ ఆహే కా?" పోలె ఉందా అని మరాఠీలో అడిగాడు.

"నాహీ బాబా," అన్నాడు వెయిటర్, పాపం అన్నట్టే. పంజాబీ ఉంది, చైనీస్ ఉంది, లోపలి సాహెబు మీకు కూడా చెప్పేశాడు, తెస్తాను అని వెళ్లిపోయాడు.

చాలాసేపు కూచున్నారు. పొగలు కక్కే పళ్లేలు వంటగది అవతలి తలుపులోంచి ఏసీ హాల్లోకి పోతున్నాయి. తలుపు తెరుచుకున్నప్పుడల్లా దుర్గేష్ నవ్వు ఒక ముక్క వినబడి ఆగిపోతోంది. నీళ్ల జగ్గు మీద ఈగ వాలితే లస్మయ్య తోలాడు. మళ్లీ వాలితే మళ్లీ తోలాడు.

"పత్తికట్టె పీకుడైందా?" అన్నాడు పటేలు.

"చేన్ల మూలచెక్క ఒక్కటున్నది. ఎల్లుండికి ఐతది."

పటేలు తల వంచుకుని బల్లగుడ్డ మీది పసుపు మరకను గోటితో రాశాడు.

చివరికి తెచ్చారు. ఎర్రటి పులుసులో పన్నీరు ముక్కలు, పప్పు, అన్నం, తోలులాంటి రొట్టెలు. వెయిటర్ అవన్నీ బల్ల నడుమ పెట్టి, లోపలి నుంచి ఎవరో కేకేస్తే పరుగెత్తాడు.

లస్మయ్య రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని ఉత్త పళ్లెం ముందు కూచున్నాడు. తలెత్తలేదు. పటేలు చెయ్యి బల్ల మీదికి రావడం మాత్రం చూశాడు. ఆ చెయ్యి కొంచెంసేపు అక్కడే ఉంది. తర్వాత అన్నం గిన్నెలోని పెద్ద గంటె పట్టుకుంది. నిండా తీసింది. గంటె గిన్నె అంచు దాటి, బల్ల నడుమకు వచ్చి ఆగింది. రెండు మెతుకులు గుడ్డ మీద పడ్డాయి.

"బాబా, రాహూ ద్యా. మీ వాఢతో."

ఉండనివ్వండి, నేను వడ్డిస్తానంటూ వెనక నుంచి వెయిటర్ చెయ్యి వచ్చి గంటె కాడ మీద పడింది. ఒక్క క్షణం ఒకే గంటె మీద రెండు చేతులున్నాయి. ఆ తర్వాత ఒకటే ఉంది. వెయిటర్ టకటకా ఇద్దరి పళ్లేల్లోనూ అన్నం వేశాడు, పప్పు పోశాడు, ఎర్ర పులుసు ఒలకబోశాడు, పోయాడు.

లస్మయ్య తన పళ్లెంలోని అన్నం వైపు చూశాడు. తీసింది పటేలు. వేసింది వాడు. ఇది ఎవరు పెట్టినట్టు? ఊళ్లో ఎవర్నైనా అడుగుదామన్నా, ఇటువంటిది ఎవరికీ జరిగి ఉండదు.

"తిను లస్మా," అన్నాడు పటేలు, రేకుల గోడ వైపు చూస్తూ.

తిన్నాడు. అన్నం లోపల పలుకుంది. పులుసులో కారం ఉండాల్సిన చోట చక్కెర ఉంది. పన్నీరు ముక్క పంటి కింద సుద్దలా విరిగింది. రొట్టె మరీ మొండిది. పటేలు దాన్ని రెండు చేతులా గుంజి, ఒక ముక్క నోట్లో పెట్టుకుని, ఆ చెంప నుంచి ఈ చెంపకు తిప్పి తిప్పి, చివరికి తీసి పళ్లెం వారన పెట్టాడు. పప్పన్నం రెండు ముద్దలు మింగాడు. లస్మయ్యకు తన పళ్లెంలోది ఎడ్ల ముందు గుప్పెడు చొప్ప వేసినట్టయింది. మారు అడగడానికి ఎవరూ రాలేదు. వెయిటర్ రెండుసార్లు తలుపులో కనబడ్డాడు గానీ వాళ్ల వైపు చూడలేదు. చెయ్యి ఎండిపోయేదాకా కూచుని, కుండీ దగ్గర కడుక్కున్నారు.

దుర్గేష్ ఎర్రబడ్డ మొహంతో వచ్చాడు. "ఎట్లున్నది కాకా?"

"మంచిగున్నది చిన్న పటేలా. తియ్యగున్నది."

దుర్గేష్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఎన్నడూ వేయలేదు. "మా ఇంట్ల ఇన్నేండ్లు చేసినవ్. నీకు గింత కూడ పెట్టకపోతె ఎట్ల?"

ఆ చెయ్యి బరువు లస్మయ్యకు ఇల్లు చేరేదాకా భుజం మీదే ఉంది.

బాలమ్మ వాకిట్లోనే ఎదురైంది. "పడ్డదా?"

"పడ్డది."

"పటేలేసిండా?"

అతను తువ్వాల దులిపాడు. "గంటె పట్టిండు."

"పట్టుడు గాదు. ఏసిండా?"

"ఏసిండు తియ్యి. బువ్వ పెట్టు."

"హోటల్ల తినొచ్చి బువ్వంటవేంది?"

"అది బువ్వ లెక్క లేదు."

మరునాడు కొత్త ఏటి మొదటి పని. హోటలు పోకతో నిన్న ఎక్కని ముకుతాళ్లు ఎక్కించి, ఎడ్లను మూలచెక్కకు తోలుకుపోవాలి. లస్మయ్య కోడి కూయకముందే లేచి కొట్టానికి పోయాడు. కొట్టం తలుపు బార్లా తీసి ఉంది. రెండు గుంజలూ ఉత్తవే. పలుపులు కోసి పడేశారు. పేడ ఇంకా పచ్చిగానే ఉంది. వాకిట్లో లారీ చక్రాల గుర్తులు, వాటి పక్కన మైలెద్దు మొరాయించి గిట్టలు దిగేసిన గుర్తులు. అతను వంగి ఆ గిట్ట పడ్డ చోట వేలు పెట్టి చూశాడు. లోతుగా దిగింది.

చేను వైపు నడిచాడు. అక్కడికి చేరేసరికి పొద్దెక్కింది. చేలో నలుగురు మనుషులున్నారు. మూడు కాళ్ల దుర్బిణీ నిలబెట్టి ఒకడు ఒంటికన్నుతో చూస్తున్నాడు. హోటల్లోని తెల్లబూట్ల మనిషి గట్టు మీద సిగరెట్టు తాగుతున్నాడు. లస్మయ్య పత్తికట్టె పీకి సాపు చేసిన చోటంతా సున్నం గీతలు పడ్డాయి. మూలచెక్క దగ్గర గీత వంకరపోయింది. అక్కడ కట్టె అడ్డమొచ్చింది.

పెద్దింటి ముందు దుర్గేష్ జీపులో ఇత్తడి బిందెలు సర్దుతున్నాడు.

"ఎడ్లేవి చిన్న పటేలా?"

"అమ్మిన కాకా. తెల్లారకముందే లారీ వచ్చింది. నువ్వు చూస్తె బాధపడ్తవని..."

"భూమి?"

"బొగ్గు తవ్వేటి ఖదానుకు పోయింది. సంతకాలైనయి."

"నాకు చెప్పకపోతిరి."

దుర్గేష్ బిందె కింద పెట్టాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నిన్న గంత పెద్ద హోటలుకు ఎందుకు తీస్కపోయిన మరి? గది నీకే కాకా. టౌన్ల గిట్లనే చేస్తరు. మనిషి పని ఇడిసిపోతుంటె పార్టీ ఇస్తరు. నిన్ను ఉత్తగ పంపుతమా?"

లస్మయ్యకు అది ఎక్కడానికి కొంత సేపు పట్టింది. పెట్టి ఉంచుకోవడం తెలుసు. పెట్టకుండా పంపడం తెలుసు. పెట్టి పంపడం ఒకటుందని తెలియదు.

"అమాస నాడు భీమన్న వచ్చి అడిగిండు," అన్నాడు చివరికి.

"మంచిదాయె. ఆయిన దగ్గరికి పో."

"నిన్న పండుగైపాయె."

"అయితేంది?"

లస్మయ్య అతని మొహం చూశాడు. అందులో దాపరికమేం కనబడలేదు. అతనికి నిజంగానే తెలియదనిపించింది. తెలియనివాడికి చెప్పేదేముంది? అరుగు మీద మంచం ఉత్తగా ఉంది. లోపలి తలుపు వేసి ఉంది.

"ఖదాన్ల వాచ్‌మెన్ పని గిట్ల ఉంటె చూస్త కాకా," అన్నాడు దుర్గేష్ జీపు ఎక్కుతూ.

లస్మయ్య ఇంటికి పోలేదు. అటు నుంచి అటే వాగు దిగి కోర్పనా బాట పట్టాడు. భీమన్న ఊరు చేరేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. వాకిట్లో ఎవరో కొత్త మనిషి ఎడ్లకు నీళ్లు పెడుతున్నాడు. కాళ్లకు కొత్త చెప్పులు, అడుగు వేస్తే కిర్రుమంటున్నాయి. లస్మయ్యను చూసి భీమన్నకు అడగకుండానే తెలిసిపోయింది. మంచం వాల్చి, నీళ్లిచ్చి, తంబాకు డబ్బీ ముందుకు నెట్టాడు.

"నిన్న పొద్దు పొడువంగనే ఏసిన. ఏసిన పోలె మళ్ల తీస్తమా లస్మయ్యా?"

"తియ్యరు."

"గా దినం నీకు అనుమానమున్నదని ఒక్క మాటంటె, ఆగుదునో ఏమో."

"అనుమానం లేకుండె మామా."

కొత్త మనిషి ఎద్దును గుంజకు కడుతున్నాడు. ముడి తప్పుగా వేశాడు. ఎద్దు ఒక్కసారి తల విదిలిస్తే ఊడిపోతుంది. లస్మయ్య చూశాడు. ఏమీ అనలేదు. అది వేరేవాడి ఎద్దు, వేరేవాడి ఏడు. తంబాకు నలిపి నోట్లో వేసుకోకుండా పిడికిట్లోనే పట్టుకుని లేచాడు.

తిరిగి వచ్చేసరికి ఇంటి నీడ వాకిలి దాటింది. బాలమ్మ గడపలో నిలబడి ఉంది. లోపల, నేల మీద, గోడకు ఆనుకుని పటేలు కూచుని ఉన్నాడు. ఇన్నేండ్లలో ఆయన ఆ గడప తొక్కింది లేదు. పిలవాలంటే బాట మీద నుంచే కర్ర ఎత్తేవాడు.

"పొద్దటి సంది గట్లనే కూసున్నడు," అంది బాలమ్మ గొంతు తగ్గించి. "నీళ్లిస్తె తాగిండు. మాట్లాడుతలేడు. భీమన్న మామ ఏమన్నడు?"

"ఏసిండట."

బాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

లస్మయ్య పటేలు ఎదుట గొంతుక్కూచున్నాడు. 

"హోలీకి ముందుగల్లనే ఎరుక నాకు," అన్నాడు పటేలు. "నిన్ను పిలిచి చెప్తనన్న. వాడు వద్దన్నడు. ఇప్పుడే చెప్తె పోతడు, పత్తికట్టె ఎవలు పీకుతరన్నడు. చేను సాపుగ ఇయ్యాలెనట వాళ్లకు. ఊకున్న."

లస్మయ్య నేల మీద వేలితో గీత గీశాడు.

"ఇంట్లనైతె పండుగ పూట నీ ఇస్తట్ల ఏస్తనని వానికి భయం. ఏస్తె ఇంకో సాలు ఉంచుకుంటనని మాటిచ్చినట్టాయె. గందుకే హోటలు."

ఊళ్లో పండుగ చేసుకోవడం ఎందుకు మానారో, అంత దూరం హోటలుకు ఎందుకు తీసుకుపోయారో అప్పుడు తెలిసింది లస్మయ్యకు. అయినా ఎదుట కూచున్న ముసలి మనిషిని చూస్తే నోరు రాలేదు. ఏదో ఒకటి అనాలి గనుక అన్నాడు:

"ఆడ గూడ మీరు ఏద్దామనే పట్టిరి పటేలా. నేను చూసిన. ఆ బో కట్టుకున్నోడు గుంజుకునె."

పటేలు కుడి అరచెయ్యి తెరిచి చూసుకున్నాడు.

"వాడు గుంజలే లస్మా. చెయ్యి పెట్టిండంతే. నేనే ఇడిసిన." అరచెయ్యి మూసుకున్నాడు. "ఇడిసినంక పానం అల్కగైంది, బరువు దిగినట్టు."

బయట మేకలు ఇళ్లకు వస్తున్నాయి. ఎవరో పిల్లను కేకేస్తున్నారు. లస్మయ్య పిడికిలి విప్పితే తంబాకు చెమటకు ముద్దయి ఉంది. దాన్ని వాకిట్లో పారేసి, చెయ్యి దోవతికి తుడుచుకున్నాడు. తిట్టాలంటే మాటలున్నాయి, ఏడ్వాలంటే గొంతు ఉంది. ఏదీ ఎడ్లను వెనక్కి తేలేదు. ఆ గంటె అన్నం పటేలు చేత్తో పడి ఉన్నా లారీ వచ్చేదే. సున్నం గీతలు పడేవే. పడి ఉంటే మాత్రం తనకు ఏం మిగిలేదని అనుకుని, ఏదో మిగిలేదని తెలిసి, అదేమిటో చెప్పుకోలేకపోయాడు.

లోపలి నుంచి బాలమ్మ అడిగింది. "పటేలు పొద్దటి సంది ఏం తినలే. చిన్న పటేలు ఇంటి కాడ ఉన్నడా?"

"లేడు," అన్నాడు పటేలే. "తాళమేసుకొని పోయిండు. రేపొచ్చి నన్ను దుర్గాపూర్ తీస్కపోతడట. వాళ్ల అత్తగారింటి పక్కన అర్ర ఒకటి కిరాయికి చూసిండట."

బాలమ్మ పొయ్యి అంటించింది. జొన్నపిండిలో వేణ్నీళ్లు పోసి, అరచేతి మడమతో పిసికి, రొట్టె చరచడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు తప్ప ఇంట్లో మరో చప్పుడు లేదు. రొట్టెను నిప్పుల ముందు నిలబెట్టి పొంగేదాకా ఆగింది. ఒకటయ్యాక ఒకటి, ఎన్ని చేయాలో అడగకుండా చేసింది. ఉల్లిగడ్డ కోసి పచ్చిపులుసు కలిపింది. రోట్లో ఎల్లిపాయకారం నూరింది.

పళ్లేలు తెచ్చి తడబడింది. "మా ఇంట్ల తింటరా పటేలా?"

పటేలు గోడ పట్టుకుని లేచాడు. చెంబు తనే తీసుకుని వాకిట్లో కాళ్లు కడుక్కుని వచ్చి, అదే నేల మీద కూచున్నాడు. బాలమ్మ ఇద్దరికీ పెట్టి పొయ్యి వైపు తిరగబోతే, తన పక్క నేల మీద అరచేత్తో తట్టాడు. ఆమె లస్మయ్య వైపు చూసింది. అతను తల దించుకునే ఉన్నాడు. తనకో పళ్లెం తెచ్చుకుని కొంచెం ఎడంగా కూచుంది.

పటేలు రొట్టెను గోరంత ముక్కలుగా తుంచి పులుసులో వేశాడు. అవి నానే వరకు ఆగి, ఒక్కొక్కటే తీసి చిగుళ్ల మధ్య పెట్టుకున్నాడు. ఎవరూ తినమనలేదు, చాలనలేదు. లస్మయ్య పళ్లెం ముందే ఖాళీ అయింది. బాలమ్మది కూడా అయింది. ఇద్దరూ చెయ్యి కడుక్కోలేదు. చేను వైపు ఏదో యంత్రం దడదడమని మొదలైంది, ఆగలేదు. పటేలు ఇంకో రొట్టె అందుకుని తుంచడం మొదలుపెట్టాడు. వేళ్ల మీద పులుసు ఎండిపోతుండగా వాళ్లు కూచునే ఉన్నారు.